ఒప్పగింతల పాట ఆగిన ఏడాది

కొత్త కోడలు చెవులు తెరుచుకుని, నోరు మూసుకుని ఉండాలని మా అమ్మ నూరిపోసి పంపింది. మొదటిది నాకు బాగానే చేతనైంది. రెండోది ఈ వయసుకూ కాలేదు. మా అత్తగారైతే నన్ను చూసి, "గీ పిల్ల కడుపుల పేగులు లేవు, అన్నీ ప్రశ్నలే" అనేది. ఆవిడ తిట్టిందో మెచ్చుకుందో తెలుసుకోవడానికి నేను మళ్లీ ఇంకో ప్రశ్న వేసేదాన్ని.

అరవై తొమ్మిది మొదట్లో గుంటూరు వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు కాపురానికి వచ్చాను. రెండూ క్రైస్తవ కుటుంబాలే. ఎవరో పాస్టరుగారు మధ్యలో ఉండి కుదిర్చిన సంబంధం. మా నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఏ కీర్తన ఎప్పుడు పాడాలో, ఏది ఎప్పుడు పాడకూడదో మా ఇంట్లో పిల్లలకు ఊహ తెలిసే వేళకే వచ్చేసేది. అత్తింటివాళ్లది బ్యాండు మేళమని విని నాన్న మురిసిపోయాడు. "సంగీతమున్న ఇంటికి వెళ్తున్నావమ్మా" అన్నాడు. ఎలాంటి సంగీతమో పాపం ఆయనకూ తెలియదు.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకంటే ద్రాక్షతోటలు ఎక్కువ. బెజవాడ రోడ్డు మీద లారీ వెళ్తే ఆ దుమ్ము మా వంటింట్లోకి వచ్చి కూర్చునేది. ఎల్బీనగర్ అంటే రోడ్డు రెండుగా చీలే చోటు, ఓ చాయ్ దుకాణం, పంక్చర్లు వేసే ఓ రేకుల షెడ్డు, అంతే. మా ఇంటి ముందు కూడా అలాంటి షెడ్డే ఉండేది. దాని దూలాలకు ఇత్తడి బాకాలు వేలాడుతుండేవి. సాయంత్రమయ్యేసరికి పగలంతా తాపీ పనులూ, మోటారు పనులూ చేసుకొచ్చినవాళ్లు చేతులు కడుక్కుని వాటిని కిందికి దించేవారు. అందరూ నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లే, సగం మంది చుట్టాలు, మిగతా సగం చర్చివాళ్లు. మా ఆయన పగలు బస్సు డిపోలో మెకానిక్కు, సాయంత్రం పెద్ద బాకా.

వాళ్లందరికీ మాస్టరు మా మామగారు. చిన్నప్పుడు నిజాం ఫౌజు బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా ఊదారట. "ఫౌజు పోయింది, ఊపిరి మిగిలింది" అని నవ్వేవారు. మనిషి బక్కపలచన. ఆ ఛాతీలోంచి అంత గాలి ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి అడిగాను కూడా. "అన్నం తింటె వస్తది బిడ్డా, పో, పెట్టు" అన్నారు.

నేను వచ్చిన కొత్తలోనే మేము కిరాయికి ఉన్న ఇంటివాళ్ల అమ్మాయి పెళ్లి జరిగింది. వాళ్లు హిందువులు. బ్యాండు మనదే కాబట్టి ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఊరేగింపులో సినిమా పాటలు, విడిదింటి ముందు ఫౌజు మార్చింగు, అంతా సందడిగానే సాగింది. సాయంత్రం పిల్లను అత్తవారికి అప్పగించే వేళకు మామగారు చెయ్యెత్తారు. క్లారినెట్ ముందు ఏదో తీగలా ఒక మెలిక తిప్పింది. వెనకనే కార్నెట్ అందుకుంది. పెద్ద డ్రమ్ము మెత్తగా పడుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అప్పటికే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను మాత్రం పాట గుర్తుపట్టాను. అది భూస్థాపన కీర్తన. మనిషిని మట్టిలోకి దించేటప్పుడు సమాధుల తోటలో పాడే పాట. క్లారినెట్ ఎన్ని మెలికలు తిప్పినా మా నాన్న కూతురికి తెలియకుండా పోతుందా? అలవాటు ఎంత చెడ్డదంటే, నా చెయ్యి దానంతట అదే కొంగు తీసి తలమీద వేసింది, తల వంగింది, కళ్లు మూసుకుని పెదవులు చరణం గొణుగుతున్నాయి. పెళ్లిపందిట్లో నేనొక్కదాన్నే శవం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను. పక్కనున్న ముసలావిడ నేనూ ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. మా అత్తగారు ఇటు పక్కనుంచి నడుము మీద గట్టిగా గిల్లింది.

ఇంటికొచ్చాక ఆగలేకపోయాను. "అత్తయ్యా, అది చావు పాట కదండీ" అన్నాను.

"మెల్లగ" అందావిడ, తలుపు వైపు చూస్తూ. "మనకెరుక, వాళ్లకెరుక లేదు. మనోళ్ల పెండ్లిళ్ల గది ఊదరు. ఊదితే చర్చి అయ్యగారు పుస్తకం ఇసిరి కొడ్తడు."

"మరి వాళ్ల పెళ్లిళ్లలో ఎందుకు ఊదుతున్నారు?"

"పోయి మీ మామనడుగు. నా పానం తినకు."

మామగారిని అడగడానికి మంచి సమయం కోసం కాచుకున్నాను. ఆయన చింతపండు పిసికి కార్నెట్ తోముతూ కూర్చున్నప్పుడు దొరికారు. ఇత్తడి మెరుస్తుంటే ఆయనకు కోపం రాదని అప్పటికే కనిపెట్టాను. విషయం విని పెద్దగా నవ్వారు. బ్యాండు పెట్టిన కొత్తలో మీర్‌పేట్‌లో ఒక పెళ్లికి వెళ్లారట. ఒప్పగింతల వేళ పెళ్లివారు ఏదైనా ఏడుపు పాట ఊదమన్నారు. వీళ్లకు వచ్చినవన్నీ గంతులేసే పాటలు, కాకుంటే కవాతు పాటలు. మెల్లగా నడిచేవాటిలో అందరికీ వచ్చింది ఆ కీర్తన ఒక్కటే.

"గతి లేక ఊదినం బిడ్డా. పెండ్లిపిల్ల నాయన పెద్ద మోతుబరి. కంట్ల నీళ్లు ఎన్నడెరుగని మనిషి. గాయన కింద కూలవడ్డడు. అగో, గప్పటి సంది ప్రతి పెండ్లిల గదే అడుగుతరు. గా పాట కోసమే మనల్ని పిలుస్తరు."

"తప్పు కాదా మామయ్యగారూ?"

ఆయన గుడ్డతో బాకా మూతి తుడిచి కార్నెట్‌ను వెలుగుకు ఎత్తి చూసుకున్నారు. "ఇంట్లకెళ్లి ఒక మనిషిని పంపుడే గదా. పొయ్యేది అత్తగారింటికా, దేవునింటికా అని బాకాకు ఎరుకనా?" అన్నారు. అని కాసేపటికి తనే, "కని ఎవ్వలకు చెప్పకు. వాళ్లకు తెలిస్తె అపశకునమంటరు. బ్యాండు మునుగుతది" అన్నారు.

అలా ఆ ఇంటి గుట్టు నా నోటికి తాళమైంది. నా నోటికి ఇంకో తాళం వీధిలో పడింది. తెలంగాణ గొడవలు ముదిరి, కాలేజీ పిల్లలు తరగతులు వదిలి రోడ్లెక్కారు. బస్సులో నేను ఒక్క మాట మాట్లాడితే చాలు, ఎక్కడి దాన్నో తెలిసిపోతుంది. అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "బస్సుల నువ్వు మాట్లాడకు, టిక్కెట్టు నేనడుగుత" అనేది. నాకు ఒళ్లు మండేది. నేనేం చేశానని? నేను తెచ్చుకుందల్లా నాలుగు చీరలు, నా మాట. చీరలు కట్టుకోవచ్చట, మాట మాత్రం దాచుకోవాలట.

నన్ను బయటా లోపలా ధారాళంగా మాట్లాడించినవాడు ఒక్కడే, పక్కింటి అబ్బాయి. మా చర్చివాళ్లే. వాళ్ల నాన్న రోడ్డు పనుల మేస్త్రీ, అమ్మ మిషను దవాఖానలో ఆయా, ఇతను కాలేజీలో చేరిన మొదటివాడు ఆ ఇంట్లో. అతనికో చెల్లెలు. పొద్దున ఊరేగింపుల్లో జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచి, సాయంత్రం గోడ అవతల నిలబడి బొంగురు గొంతుతో, "అక్కా, జర 'ఏంటండీ' అనరాదూ" అని అడిగేవాడు. నేను అంటే పడీపడీ నవ్వేవాడు. "మరి ఉద్యమం మావాళ్ల మీదే కదా, నాతో ఎందుకు మాట్లాడుతున్నావు?" అని ఓరోజు నిలదీశాను. "నౌకరీల కోసం కొట్లాట గని మాటల కోసం కాదక్కా. నీ మాట మంచిగుంటది" అన్నాడు. నాకు ఆ పిల్లవాడంటే ప్రాణం.

వానలు మొదలవుతున్న రోజుల్లో అతను పట్నం వైపు ఊరేగింపుకు వెళ్లి, తూటా తగిలి చనిపోయాడు. పొద్దున గోడ మీదుగా మంచినీళ్లు అడిగి తాగి వెళ్లినవాణ్ణి మర్నాడు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. నేను వాళ్లింటికి వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాను. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో, ఆ మాట విని అక్కడ చేరిన కుర్రాళ్లు ఏమంటారో అని భయం. అతని తల్లి నన్ను చూసి చెయ్యి చాపింది. "మాట్లాడు బిడ్డా. నీ మాటంటె వానికి పావురం, శానా ఇష్టం" అంది. నాకు మాట రాలేదు. అంత వాగుడుకాయను, ఆ ఒక్కరోజు రాలేదు.

మధ్యాహ్నం మేస్త్రీ మా షెడ్డులోకి వచ్చి, కొడుకును బ్యాండుతో తీసుకెళ్లాలని అడిగి వెళ్లాడు. చర్చివాళ్లలో అది మామూలే. చిక్కు వచ్చింది పాట దగ్గర. నేను వంటింటి కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ అంతా విన్నాను.

క్లారినెట్ ఊదే ఆయన మామగారి తమ్ముడు. ఆయనే ముందు నోరు విప్పాడు. "అన్నా, రేపు మనోళ్లే కాదు, ఊరు ఊరంత వస్తది. మనం పెండ్లి చేసిన ప్రతి ఇంటోళ్లు రోడ్డు మీదనే ఉంటరు. గా కీర్తన ఊదితిమా, మా బిడ్డ పెండ్లిల పీనుగు పాట ఊదిండ్రని బాకాలు గుంజుకుని కొడ్తరు. శావణంల ఒక్క పెండ్లి గూడ మిగలదు. ఇంకేదన్న కీర్తన ఊదుదం."

సైడ్ డ్రమ్ము వాయించే అతను, "పోరనికి ఏం తెలుస్తదే ఏ పాట ఊదిండ్రో" అన్నాడు. అన్నాక తనే తల దించుకున్నాడు.

అందరూ మామగారి వైపు తిరిగారు. నా చేతిలో చాట కదలడం లేదు. నాకు లోపల ఒకటే ఆత్రం, ఏమంటారో అని. ఆ బ్యాండు తప్ప ఆయనకు ఇంకో బతుకు లేదు. తాపీ పట్టుకునే వయసు దాటిపోయింది. ఆ షెడ్డులో కూర్చున్న ప్రతివాడి ఇంట్లో పొయ్యి సగం పెళ్లిళ్ల మీదే వెలుగుతోంది.

"గా కీర్తన వాని అసొంటోళ్ల కోసమే పుట్టింది" అన్నారు చివరికి. "ఇన్నేండ్లు మనం దాన్ని వాడుకున్నం. రేపు వానిది వానికిద్దం. కొడితె కొట్టనీ."

మర్నాడు అంతమందిని నేను జన్మలో చూడలేదు. మలక్‌పేట వైపు నుంచీ, సరూర్‌నగర్ నుంచీ, నాగోల్ నుంచీ నడిచి వచ్చారు. కుర్రాళ్లు నినాదాలు ఇస్తున్నారు. సమాధుల తోట దారి పట్టాక మామగారు చెయ్యెత్తారు. ఈసారి క్లారినెట్ మెలికలు తిప్పలేదు. ముసుగు లేకుండా, చర్చిలో ఎలా ఉంటుందో అలాగే, కార్నెట్ ఒక్కటే మొదటి చరణం ఊదింది. నినాదాలు ఆగిపోయాయి.

నేను పాట వినడంలేదు. మా ఇంటి యజమానురాలిని చూస్తున్నాను, అదే, మాఘంలో కూతుర్ని ఆ పాటతో సాగనంపిన ఆవిడను. రోడ్డు పక్క అరుగు మీద నిలబడి ఉంది. పాట గుర్తుపట్టింది. మొహంలో స్పష్టంగా తెలిసింది. ఇక అయిపోయింది, ఇప్పుడు అరుస్తుంది అనుకున్నాను. ఆవిడ అరుగు దిగి వచ్చి నా భుజం పట్టుకుని భోరుమంది. "చూస్తివా, ఆడపిల్ల లెక్క ఒప్పగింతలు పెట్టి పంపుతున్నరు పోరన్ని. మీ మామకు ఎంత మనసు" అంది. దారి పొడుగునా అదే మాట. ఆడవాళ్లు అరుగుల మీది నుంచి, మేడల మీది నుంచి, పెళ్లికూతురికి చల్లినట్టు అతని మీద పూలు, అక్షింతలు చల్లారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చావు పాటను పెళ్లిలో ఊదారని తెలుస్తుందని మేము వణికిపోతుంటే, పెళ్లి పాటను చావులో ఊదారని వాళ్లు కరిగిపోయారు. ఏ పాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఎవరూ అడగలేదు. అన్నీ అడిగే నేను కూడా ఆ రోజు అడగలేదు.

ఆ తర్వాత మా షెడ్డు సంతలా మారింది. ఉప్పల్ నుంచి, అల్మాస్‌గూడ నుంచి, చార్మినార్ అవతలి నుంచి కూడా మనుషులు వచ్చారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బ్యాండులకు పస్తులే. అలాంటి ఆషాఢంలో కూడా శ్రావణం పెళ్లిళ్ల కోసం గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటు ఉండేది కాదు. మూడు బ్యాండులుగా చీలినా సరిపోనన్ని ముహూర్తాలు. మా ఆయన డిపో నౌకరీ మానేస్తానన్నాడు. క్లారినెట్ బాబాయి కొత్త ఎర్రకోట్లు కుట్టించాలన్నాడు. మామగారు ఇన్నేళ్లూ ఊది ఊది చూడని రోజులు అవి. వచ్చిన ప్రతివాళ్లూ పోతూపోతూ ఒక మాట చెప్పేవాళ్లు. "గా పిల్లగాని పాట మాత్రం ఊదాలె." ఇదివరకు అది ఒప్పగింతల పాట. ఇప్పుడు పిల్లగాని పాట. ఆ మాట విన్నప్పుడల్లా మామగారి మొహం ఎందుకు వాడిపోతుందో నాకు అర్థం కాలేదు.

శ్రావణంలో మొదటి పెళ్లి నాగోల్‌లో. పెళ్లికూతురి తల్లి మా అత్తగారికి తెలిసినావిడ కావడంతో నేనూ వెళ్లాను. చిన్నపిల్ల పెళ్లికూతురు. పొద్దుటి నుంచీ ఒప్పగింతల కోసం భయపడుతూ, కారు చప్పుడైతే చాలు తల్లి చెయ్యి పట్టుకుంటోంది. సాయంత్రం పూలు కట్టిన కారు వచ్చి ఆగింది. మామగారు చెయ్యెత్తారు.

మొదటి వరస అయ్యీ అవ్వకముందే ఎవరో కుర్రాడు "జై తెలంగాణ" అన్నాడు. పందిరంతా అందుకుంది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు, కానీ "అయ్యో కొడుకా" అని ఏడుస్తున్నారు. వాళ్లలో చాలామంది ఆ అబ్బాయి మొహం కూడా చూసి ఉండరు. పెళ్లికూతురి తల్లి సైతం బ్యాండు వైపు తిరిగి చేతులు జోడించి ఏడుస్తోంది. కారు తలుపు దగ్గర పెళ్లికూతురు ఒక్కతే ఉంది. తల్లి వీపు చూస్తూ, ఎవరైనా తన వైపు తిరుగుతారేమోనని ఎదురుచూస్తూ నిలబడింది.

మామగారు కార్నెట్ దించేశారు. పాట మధ్యలో మాస్టరు ఆపడం ఎవరూ ఎరగరు. క్లారినెట్ రెండు స్వరాలు పోయి ఆగింది. ఒక్కొక్కటే ఆగింది. ఆఖర్న మా ఆయన, కళ్లు మూసుకుని ఊదే అలవాటు కదా, ఒక్కడే ఇంకాసేపు ఊది, కళ్లు తెరిచి చుట్టూ చూసి ఆపాడు. జనం ఊదమని గోల చేశారు. ఒకడు మీదికి వచ్చాడు. మామగారు ఊదలేదు. "పిల్ల పోతున్నది చూడుండ్రి" అన్నారు, అంతే. ఎవరికీ వినపడినట్టు లేదు.

ఇంటికొచ్చి షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి బ్యాండు బందు అని చెప్పారు. అందరికీ మతి పోయింది. నాకైతే కోపమే వచ్చింది. చేతికొచ్చిన పంటను పశువులకు వదిలేస్తారా ఎవరైనా? మా ఆయన పళ్లు కొరుక్కుంటున్నాడు. క్లారినెట్ బాబాయి బతిమాలాడు. "గా ఒక్క పాట ఇడిసిపెడుదం అన్నా, మిగతయి ఊదుదం."

"ఇడిసిపెట్టనిస్తరా? గదే అడుగుతరు. ఊదకుంటె కొట్లాట. ఊదితె పెండ్లిపిల్ల ఆగమైతది. పిల్లకు జన్మల ఒక్కసారి ఒప్పగింతలు. గది గుంజుకునుడు నాతోని కాదు."

"ఎన్నాళ్లు మామయ్యగారూ?" అని కిటికీలోంచి అడిగేశాను. మగవాళ్ల మధ్య కోడలు మాట్లాడకూడదని అప్పుడు గుర్తు రాలేదు.

ఆయన నా వైపు చూసి, "జనం పాటను మరిశేదాంక" అన్నారు.

"జనం మరిచిపోయారని ఎలా తెలుస్తుంది?"

"నీ అసొంటోళ్లు అడుగుకుంట పోతె ఎట్ల మరుస్తరు బిడ్డా" అన్నారు. ఆ రోజుల్లో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

బాకాలన్నీ అత్తగారి పాత చీరల్లో చుట్టి దూలాలకు కట్టారు. మామగారు ఒక ద్రాక్షతోటలో కాపలాకు కుదిరారు. బాబాయి లారీల మీద వెళ్లిపోయాడు. మా ఆయన డిపోలోనే ఉండిపోయాడు. సాయంత్రాలు మా ఇల్లు మూగబోయింది. వాళ్లు తప్పు స్వరాలు ఊదుతుంటే విసుక్కునేదాన్ని, అవి కూడా లేకపోయేసరికి ఏడుపొచ్చేది. ఎందుకు ఆపారో అర్థమైంది కానీ, అంత పట్టింపు అవసరమా అని లోపల్లోపల మామగారితో వాదిస్తూనే ఉన్నాను. పెళ్లివాళ్లు కొన్నాళ్లు వచ్చి, తిట్టి, వేరే బ్యాండు చూసుకున్నారు.

పక్కింటికి మాత్రం మనుషులు వస్తూనే ఉన్నారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆ తల్లికి దండం పెట్టేవారు, ఫొటో అడిగేవారు, కొడుకు గురించి చెప్పమనేవారు. ఆవిడ చెప్పేది. కూతురు చాయ్ కలిపి తెచ్చి, గ్లాసులు అందించి, లోపలికి పోయేది. వచ్చినవాళ్లలో ఒకాయన ఆ అమ్మాయిని పనిపిల్ల అనుకుని మంచినీళ్లు తెమ్మన్నాడు. తల్లి ఆ సంగతి గమనించనే లేదు.

రెండేళ్లకు గొడవలు చల్లబడ్డాయి. కాలేజీలు తెరిచారు, బస్సుల్లో నేను టిక్కెట్టు నేనే అడుగుతున్నాను. ఆ అమ్మాయికి పెళ్లి కుదిరింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక తల్లి మా ఇంటికి వచ్చి, మామగారి ముందు పీట మీద కూర్చుంది.

"బ్యాండు కావాలె అన్నా" అంది.

మామగారు క్షణం కూడా ఆలోచించలేదు. "నీ బిడ్డ పెండ్లికి ఊదకుంటె ఇంకెవ్వలకు ఊదుత చెల్లె. దించుతం బాకాలు. మార్చింగు ఊదుతం, సంబురం పాటలు ఊదుతం."

"ఒప్పగింతలు గూడ ఊదాలె."

మా అత్తగారు విసనకర్ర ఆపింది. "చర్చి పెండ్లి చెల్లె" అన్నారు మామగారు మెల్లగా. "అందరు మనోళ్లే ఉంటరు. గది ఏం పాటనో అందరికెరుకనే. ఎట్ల ఊదుత?"

"నాకు గూడ ఎరుకనే. నా కొడుకును మట్టిల పెడుతుంటె ఇన్న పాట నాకెరుక లేదా?" ఆవిడ గొంతు పెంచలేదు. "నాగోల్ల గా పెండ్లిపిల్ల ఒక్కతే నిలవడ్డదని నువ్వు బ్యాండు ఆపినవట. మంచిపని చేసినవు. కని మా ఇంట్ల గూడ ఒక పిల్ల రెండేండ్ల సంది గట్లనే నిలవడ్డది అన్నా. వచ్చినోళ్లందరు కొడుకు ముచ్చటనే అడిగిరి. నేను గదే చెప్పుకుంట కూసున్న. దాని దిక్కు మర్లి చూడలే. గా పాట యాదికొస్తె వానికోసమే ఏడ్సిన. ఒక్కసారి దానికోసం ఊదు. దాన్ని నేను సాగనంపాలె."

మామగారు కళ్లు తుడుచుకోవడానికి లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. అదే జవాబు.

బాకాలు దించి చింతపండుతో తోమాం. నేనూ తోమాను. లారీల మీదున్న బాబాయికి కబురు పంపారు. మామగారికి పెదవులు పట్టు తప్పాయి, ఊదితే గాలే వస్తోంది. వారం రోజులు పెరట్లో కూర్చుని చంటిపిల్లాడిలా మొదటి స్వరం నుంచి సాధన చేశారు. పాస్టరుగారికి సంగతి తెలిసి మొదట ససేమిరా అన్నారు. తర్వాత గడ్డం గోక్కుని, "నేను ఆశీర్వాదం చెప్పి పుస్తకం మూసేస్తాను. గేటు బయట ఎవరేం ఊదుకుంటే నాకెందుకు" అన్నారు.

పెళ్లి బాగా జరిగింది. సాయంత్రం గేటు బయట కారు ఆగింది. మామగారు చెయ్యెత్తగానే బాబాయి క్లారినెట్‌తో మెలిక తిప్పాడు, వెనకటి పెళ్లిళ్లలోలాగే. చర్చివాళ్లంతా ఉలిక్కిపడ్డారు. పాట వాళ్లందరికీ తెలుసు, తెలిసినవాళ్లందరి చూపూ ఒక్కసారిగా ఆ తల్లి మీదికి వెళ్లింది. ఇప్పుడు కూలిపోతుంది, కొడుకును తలచుకుని ఏడుస్తుంది అని ఇద్దరు ఆడవాళ్లు ఆవిడను పట్టుకోవడానికి ముందుకొచ్చారు కూడా. మళ్లీ అదే జరుగుతోంది. తెల్లచీరలో ఆ అమ్మాయి కారు పక్కన నిలబడి ఉంది, ఆమె వైపు చూస్తున్నవాళ్లే లేరు.

ఆవిడ ఆ ఇద్దరి చేతులూ విడిపించుకుని, మమ్మల్నందరినీ దాటుకుని కూతురి దగ్గరకు వెళ్లింది. భుజం మీద జారిన పిన్ను సరిచేసింది. "తలనొస్తె ఊకె గోలీలు మింగకు" అంది. "వాళ్లింట్ల పొద్దుగాల తొందరగ లేవాలె, నీకు నిద్ర చాలది" అంది. ఇంకేదో చెప్పబోయి, మాట తెగిపోయి, ఆ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా ఏడ్చింది. "నువ్వు పోతె ఇంట్ల నాకెవరున్నరే" అంది.

మామగారు పాట ఆపలేదు. చివరి చరణం దాకా ఊదారు.

కూతురు తల్లి భుజం మీద తల పెట్టి, "నేనున్న గదనే అమ్మా" అంది. ఆ మాట ఆ పిల్ల ఆ ఇంట్లో రెండేళ్లుగా ఎన్నిసార్లు మనసులో అనుకుందో నాకు తెలియదు. పైకి అనడం, తల్లి వినడం మాత్రం అప్పుడే.